నాలుగు పొయ్యిల ఇల్లు

తిరువూరు తాలూకాలో షరీఫాబీ పట్టుకోని ఆడచెయ్యి లేదంటే కొంచెం ఎక్కువ చెప్పినట్టే గానీ, మరీ ఎక్కువేమీ కాదు. ఆమె గాజులమ్మేది. తాళ్లకు గుచ్చిన మట్టిగాజుల మలారం భుజాన వేసుకుని, పొద్దున్నే బస్సెక్కి ఏదో ఒక ఊళ్లో దిగేది. ఆమె రావడం ముందు చెవులకి తెలిసేది, తర్వాత కళ్లకి. కొలత అడిగే అలవాటు ఆమెకు లేదు. అరచెయ్యి ఒకసారి గట్టిగా పిసికి, మలారంలోంచి సరిగ్గా పట్టే గాజులే తీసేది. ఆ పిసకడంలోనే ఆ చెయ్యి మిరపకాయలు కోసి వచ్చిందో, నాట్లేసి వచ్చిందో, కూర్చుని తినే చెయ్యో కూడా తెలిసిపోయేది. చెయ్యి దాచలేని సంగతులు కొన్నుంటాయి.

గాజులు తొడగాలంటే కాసేపు కూర్చోవాలి. కూర్చున్నాక మాటలు రాకుండా ఉంటాయా? విస్సన్నపేట సంగతులు రెడ్డిగూడెంలో, రెడ్డిగూడెం సంగతులు పెనుగొలనులో చెప్పేది. పేపరు రాని ఇళ్లకు ఆమే పేపరు. అయితే పేపరువాళ్లు తప్పు రాస్తే మర్నాడు ఓ మూల సవరణ అయినా వేస్తారు. షరీఫాబీ దగ్గర ఆ ఏర్పాటు లేదు. ఆమె కబుర్లకు సవరణ కావాలని అడిగినవాళ్లూ లేరు.

ఎంత పెద్ద ఆఫీసరైనా వసారాలో ఆగిపోవలసిన ఇళ్లలో ఆమె వంటింటి గడప దాకా వెళ్లేది. గడప దాటేది కాదు, అది వేరే సంగతి. కాలం అలాంటిది. పెనుగొలనులో బసవపున్నయ్య గారింట్లో మాత్రం ఆ గడప దగ్గర ఆమె కోసమని ఒక పీట ఉండేది. బసవపున్నయ్య భార్య సీతారావమ్మ వేసిన పీట అది. ఇద్దరిదీ ఇరవై ఏళ్ల స్నేహం. అరుగు మీద నలుగురూ ఉన్నప్పుడు ‘అమ్మగారూ’ అనేది, పీట మీద కూర్చున్నాక ‘అక్కా’ అనేది. సీతారావమ్మ ఎక్కడైనా ఒకటే పిలుపు, ‘ఏమే షరీఫా’ అని.

ముగ్గురు కొడుకులు, ముగ్గురు కోడళ్లు, మనవలు, ఇద్దరు జీతగాళ్లు, అందరూ కలిసి పదహారు మంది ఆ ఇంట్లో ఒకే వంట తినేవారు. ఒక మూల నుంచి ఇంకో మూల దాకా మూడు కళ్ల మట్టిపొయ్యి. సీతారావమ్మ దాని ముందు కూర్చుంటే తాలూకా ఆఫీసులో తాసిల్దారు కూర్చున్నట్టే ఉండేది. ఎవరి కంచంలో ఏది ఎంత పడాలో ఆమే తేల్చేది. కోడళ్లకు అది ఎలా ఉండేదో షరీఫాబీ ఎప్పుడూ అడగలేదు.

డెబ్బై నాలుగులో భూపరిమితి చట్టం గుబులు పట్టుకుంది. ఉన్నవాళ్లు ఎంత పోతుందోనని, లేనివాళ్లు ఏమైనా వస్తుందేమోనని, అందరూ దాని గురించే మాట్లాడుకునేవారు. మాలపల్లిలో అక్కమ్మ చేతికి గాజులు వేయించుకుంటూ, “మాకేవన్నా ఇత్తారంటావా గాజులమ్మా?” అని అడిగింది. షరీఫాబీకి ఏం తెలుసు? విస్సన్నపేట బస్సు దగ్గర ఎవరో ఒకావిడ అన్న మాట మాత్రం చెవిన పడింది. ఆఫీసర్లు ఇంటింటికీ వస్తారట, పొయ్యిలు లెక్కపెడతారట, ఒక పొయ్యి అయితే ఒక్క కుటుంబమేనట, మిగతా భూమి రాసుకుపోతారట. ఆవిడ పేరు కూడా షరీఫాబీకి తెలియదు.

ఆ మాటను తీసుకెళ్లి పెనుగొలనులో పీట మీద కూర్చుని చెప్పింది. సీతారావమ్మ నవ్వి ఊరుకుంది. కానీ ముందు గదిలో ఉన్న బసవపున్నయ్య చెవిన పడింది. ఎన్నడూ ఆడవాళ్ల మాటల్లోకి రాని మనిషి లేచి వచ్చాడు.

“ఎవరన్నారు ఆ మాట?” అన్నాడు.

అంత పెద్దాయన తనను సూటిగా అడగడం అదే మొదలు. బస్సు దగ్గర ఎవరో అన్నారంటే బాగోదనిపించింది షరీఫాబీకి. “ఆఫీసులో పనిచేసే ఆయన భార్యేనండి. ఆళ్లింట్లో గాజులేస్తుంటే చెప్పింది” అంది.

అంతే. వారం తిరక్కుండా ఆ ఇంట్లో మూడు కొత్త పొయ్యిలు లేచాయి. తూర్పు వసారాలో పెద్దకోడలు నాగేంద్రమ్మది, పశువుల కొట్టం పక్కన నడిపి కోడలిది, వెనక పంచలో చిన్న కోడలిది. ఆఫీసర్లు వచ్చి చూసిపోయేదాకానే అనుకున్నారు. పైకి నాలుగు పొయ్యిలు, లోపల ఒకటే ఇల్లు అని బసవపున్నయ్య కొడుకులను కూర్చోబెట్టి మరీ చెప్పాడు. ఆ మాట షరీఫాబీకి చెబుతూ సీతారావమ్మ మళ్లీ నవ్వింది.

పొయ్యిలు చూడ్డానికి ఏ ఆఫీసరూ రాలేదు, వేసిన పొయ్యిలూ ఆరలేదు. రెండేళ్లకు బసవపున్నయ్య పోయాడు. సీతారావమ్మ చేతులు బోసిపోయాయి.

ఆ తర్వాత షరీఫాబీ పెనుగొలను వెళ్లడం మానలేదు గానీ, ఆ వంటింటి వైపు వెళ్లడం మానేసింది. వెళ్లాలంటే పనుండాలి కదా. బోసి చేతుల ముందు మలారం దింపడమెలా? కోడళ్లకు అరుగు మీదే గాజులు వేసి, లోపలికి చూడకుండా వచ్చేసేది. లోపలి నుంచి కూడా పిలుపు రాలేదు. ఇలా రెండేళ్లు గడిచాయి. ఆమెను చూడాలని ఉండేది, చూడలేకపోయేది. అంతకంటే వివరం ఆమె తనకు తాను కూడా చెప్పుకోలేదు.

దివిసీమ ఉప్పెన వచ్చిన మరుసటేడు హైదరాబాదు నుంచి రాయప్ప అనే ఆయన తిరువూరు వచ్చి, బస్టాండు దగ్గర ఒక మేడగది అద్దెకు తీసుకున్నాడు. ముప్ఫై ఏళ్లుంటాయి. ఒక పరిశోధన సంస్థ తరఫున వచ్చానన్నాడు. ఆసియాలో అయిదు దేశాల్లో భూమి చట్టాలు తెచ్చారట. ఆ చట్టాలు పల్లెదాకా వచ్చేసరికి ఏమయ్యాయి, ఎవరు బాగుపడ్డారు, పాలన ఎక్కడ పనిచేసింది, ఎక్కడ చేయలేదు అన్నది తేల్చాలట. మన దేశంలో ఆయన వంతుకు తిరువూరు తాలూకాలో ఆరు ఊళ్లు వచ్చాయి.

నెల తిరిగేసరికి ఆయన ముఖం వేలాడబడిపోయింది. ఏ ఊరు వెళ్లినా అరుగు మీద కుర్చీ వేస్తారు, మజ్జిగ ఇస్తారు, ప్రభుత్వానికి రాసిచ్చిన లెక్కే పొల్లుపోకుండా అప్పజెబుతారు. లోపల ఎవరు ఎవరితో కలిసి తింటున్నారో, భూమి నిజంగా ఎవరు చేస్తున్నారో ఒక్కరూ చెప్పరు. ఆయన అద్దె సైకిలు బాగుచేసే కాలేషాతో తన గోడు చెప్పుకున్నాడు. కాలేషా షరీఫాబీ భర్త. ట్యూబుకు అతుకు వేస్తూ, “మీరు వసారాలో కూచుని ఇంట్లో సంగతి అడుగుతారు సార్. మా ఇంటి మనిషిని పంపితే లోపలికెళ్లి చూసొస్తది” అన్నాడు.

అలా షరీఫాబీ పరిశోధనలోకి వచ్చింది. ఐదో తరగతి చదువు ఉండనే ఉంది. రాయప్ప తెలుగులో సైక్లోస్టైలు వేయించిన ప్రశ్నల కాగితాలు ఇచ్చాడు. ఆయన ఆమెను ‘షరీఫాబీగారూ’ అని పిలిచినప్పుడు, వెనక ఇంకెవరైనా ఉన్నారేమోనని తిరిగి చూసుకుంది. అయిదు దేశాల పేర్లు విని, “ఫిలిప్పీన్సులో ఆడోళ్లు గాజులేసుకుంటారా సార్?” అని అడిగింది. తాను అక్కడికి వెళ్లలేదని ఆయన ఒప్పుకున్నాడు. వెళ్లకుండానే లెక్కలు రాస్తారా అని ఆమె అనలేదు గానీ, అన్నట్టే చూసింది.

“ఒక్కటే నియమం షరీఫాబీగారూ. చూసింది రాయండి. విన్నది రాయకండి” అన్నాడు రాయప్ప.

జీవితమంతా విన్నది మోసిన మనిషికి ఆ మాట విచిత్రంగా తోచింది. కానీ పని మాత్రం బాగా చేసింది. ఆడవాళ్ల పని అనే గడిలో మగవాళ్లు ‘ఇంటిపని’ అని రాయించిన చోటల్లా, ఈమె ఆ ఇల్లాలి చెయ్యి పిసికి చూసి, ‘నాట్లు, కలుపు, కోత, పాడి’ అని దిద్దుకొచ్చేది. ఎన్ని రోజులు పొలం వెళ్లిందని అడగనక్కర్లేదు. పనిలో గాజులు పగిలి పోయినేడు ఎన్నిసార్లు మార్చుకుందో షరీఫాబీకి తెలుసు. రాయప్ప ఆ కాగితాలను ముందు అనుమానంగా, తర్వాత ఆశగా చదివాడు.

మూడు వారాల తర్వాత పెనుగొలను వంతు వచ్చింది. జాబితాలో బసవపున్నయ్య గారి ఇల్లు ఉంది. అది చూడగానే షరీఫాబీకి మనసులో ముల్లు గుచ్చుకున్నట్టయింది. వెళ్లి ఆ పొయ్యిలు ఎందుకు లేచాయో రాస్తే సీతారావమ్మ పిల్లల భూమికి ఏదైనా ముప్పు వస్తుందేమో. రాయకపోతే ఈ సారుకిచ్చిన మాట పోతుంది.

“ఎలాగూ ఆఫీసర్లు పొయ్యిలు లెక్కపెట్టుకునే ఉంటారుగా సార్. మళ్లీ మనమెందుకు?” అంది.

రాయప్ప తలెత్తాడు. “ఆఫీసర్లు పొయ్యిలెందుకు లెక్కపెడతారు?”

“ఒక పొయ్యికి ఒక కుటుంబమనేగా చట్టం?”

“చట్టంలో పొయ్యి మాటే లేదండీ. మొగుడూ పెళ్లాం, మైనరు పిల్లలు, అదీ కుటుంబం. మేజరైన కొడుకు ఎక్కడ తిన్నా, ఎవరి వంట తిన్నా వాడిది వేరే లెక్కే. పొయ్యి సంగతి మన కాగితంలోనే ఉంది, మన చదువు కోసం. అదీ ఎవరికీ చూపించం.”

షరీఫాబీ లేచింది. మెట్లు దిగి, మలారం భుజం మార్చుకుని, ఇంటికి వెళ్లిపోయింది. ఆ పూట అన్నం సహించలేదు. లేని చట్టం ఒకటి తాను మోసుకెళ్లింది. పేరు తెలియని మనిషి మాటకు ఆఫీసాయన భార్య పేరు తగిలించి మరీ మోసుకెళ్లింది. దాంతో పదహారు మంది తినే ఇల్లు నాలుగు ముక్కలైంది.

“నువ్వు కాకపోతే ఇంకోళ్లు చెప్పేవోళ్లే” అన్నాడు కాలేషా.

“చెప్పేవోళ్లేమో. చెప్పింది మాత్రం నేను” అంది.

పెనుగొలనులో బస్సు దిగేటప్పటికి ఆమె ఒకటి నిశ్చయించుకుంది. కాగితం ఎలా నిండినా సరే, సీతారావమ్మ ముందు కూర్చుని నిజం చెప్పెయ్యాలి. తిట్టినా, గెంటినా పడాలి. ఇరవై ఏళ్ల చనువు పోతే పోతుంది. ఆ ఇంటిని విడగొట్టింది తానేనా కాదా అన్నది తేలకుండా ఇక మలారం మొయ్యలేననిపించింది.

ముందు తూర్పు వసారాలో నాగేంద్రమ్మ దగ్గర కూర్చుంది. పొయ్యి నిన్నే అలికినట్టు నున్నగా ఉంది, పైన కొత్త అలమారు, అందులో వరసగా స్టీలు డబ్బాలు. ఇది ఆఫీసర్లకు చూపించడానికి వేసిన పొయ్యిలా లేదు.

“ఎప్పుడు వేరుపడ్డారమ్మా?”

“నాలుగేళ్లయిందిగా. నీకు తెలీందేముంది? కాయితాల కోసమేగా పడింది.”

“కాయితాల పని అయిపోయింది కదా. మళ్లీ కలవలేదేం మరి?”

నాగేంద్రమ్మ పొయ్యిలో పుల్ల ఒకటి ముందుకు తోసింది. “కలుద్దామనే ఉంది పిన్నీ. పిల్లల బళ్లు, వాళ్ల తిండితిప్పలు, ఎవరి టైము వాళ్లది. చూడాలి” అంది. కొట్టం పక్కన నడిపి కోడలూ, వెనక పంచలో చిన్న కోడలూ కూడా ఇంచుమించు అదే చెప్పారు. ‘చూడాలి’ అన్న మాట మూడు చోట్లా ఒకే తీరుగా పలికింది.

తర్వాత వంటింటి వైపు నడిచింది. రెండేళ్లలో అక్కడ మారిందల్లా చప్పుడు లేకపోవడం. మూడు కళ్ల పొయ్యి అలాగే ఉంది. ఒక కంట్లో నాలుగు పుల్లలు మండుతున్నాయి. దాని మీద ఒక మనిషికి సరిపడే గిన్నె. అంత పొయ్యి మీద అంత చిన్న గిన్నె చూసి షరీఫాబీ గడప దగ్గరే ఆగిపోయింది. సీతారావమ్మ తిరిగి చూసింది. చిక్కిపోయింది.

“ఇప్పుడా తీరింది నీకు?” అంది. పీట తెచ్చి గడప దగ్గర వేసింది.

షరీఫాబీ కూర్చుంది గానీ కాగితం తియ్యలేదు. “అక్కా, నీకో మాట చెప్పాలి. చెప్పాక నువ్వేం చేసినా సరే” అని మొదలుపెట్టి, విస్సన్నపేట బస్సు దగ్గర వినడం, అబద్ధం తగిలించడం, మొన్న రాయప్ప చెప్పింది, అన్నీ గుక్క తిప్పుకోకుండా చెప్పేసింది. “పొయ్యిలు అక్కర్లేదంట అక్కా. అసలు ఆ చట్టంలోనే లేదంట. నీ ఇల్లు ఊరికే విడిపోయింది. నా నోటి వల్ల” అంది. చివరి మాటకు ఏడుపొచ్చింది.

సీతారావమ్మ గిన్నె మీద మూత తీసి, గరిటెతో కలిపి, మళ్లీ మూత పెట్టింది.

“నాకు తెలుసే” అంది.

షరీఫాబీకి అర్థం కాలేదు.

“పొయ్యిలేసిన ఆరు నెలలకే ఆయన నూజివీడు వెళ్లి ప్లీడరును కనుక్కొచ్చారు. పొయ్యిలతో పని లేదని ఆ ప్లీడరూ చెప్పాడంట. ఆ రోజు నాకెంత సంతోషమైందో. పెద్ద గుండిగ తీసి తోమించా. కోడళ్లని పిలిచి, ఇంక ఆ పొయ్యిలు తీసెయ్యండమ్మా, రేపట్నించి అందరికీ ఇక్కడే అన్నం అని చెప్పా. మర్నాడు పదహారు మందికి వండా.”

చెప్పాలా వద్దా అని ఆలోచిస్తున్నట్టు పొయ్యి వంక చూసింది.

“ఎవరూ రాలేదే. ఆయనొక్కరే వచ్చి తిన్నారు. పెద్దకోడలు పిల్లాడికి జొరమంది. నడిపిది అప్పటికే వండేశానంది. చిన్నది ఏ వంకా చెప్పలేదు, అసలు రాలేదు. రెండో రోజు వండా. మూడో రోజు వండలేదు. వాళ్లు నా మీద కోపంతో వెళ్లలా. వాళ్ల పొయ్యి వాళ్లకి తియ్యగా ఉంది. నా చేతి కిందే అన్నేళ్లు ఎలా ఉన్నారో, నేనెప్పుడన్నా అడిగానా? నువ్వు తెచ్చింది వంకేనే షరీఫా. వాళ్లకి వంక కావలసొచ్చింది.”

షరీఫాబీ గుండెల మీంచి బరువు దిగింది. దిగిన చోట ఇంకో బరువు కూర్చుంది. ఇదివరకు తన తప్పు ఒక్కటే బాధ. ఇప్పుడు ఈ మనిషి బాధ తెలిసింది. ముసలాయన ఉన్నన్నాళ్లూ ఆయనకు వండిపెట్టి, ఆయన పోయాక ఈ పెద్ద పొయ్యి ముందు ఒంటరిగా కూర్చుని, ఆ సంగతి ఒక్కరికీ చెప్పకుండా రెండేళ్లు గడిపింది. తానేమో గాజుల పని లేదని గడప తొక్కలేదు. తనను తానే చెంప మీద కొట్టుకోవాలనిపించింది.

“ఆ కాయితంలో ఏం రాయాలి?” అంది సీతారావమ్మ.

“ఎన్ని పొయ్యిలు, ఎప్పుడు వేరుపడ్డారు, ఎందుకు వేరుపడ్డారు.”

“పొయ్యిలు నాలుగని రాయి. దాచేదేముంది. ఎందుకంటే మాత్రం...” ఆమె గొంతు తగ్గించింది. ఇంట్లో వినేవాళ్లెవరూ దగ్గర్లో లేరు. అయినా తగ్గించింది. “చట్టం వల్లని రాయి. ప్లీడరు సంగతి, నేను వండిన సంగతి రాయొద్దు. ఊరు ఊరంతా ఇప్పటికీ అదే అనుకుంటోంది, సర్కారోళ్ల భయంతో వేరుపడ్డారని. అదే ఉండనీ. నా అన్నం వద్దనుకుని వెళ్లారన్నది ఎక్కడా ఉండకూడదు.”

షరీఫాబీ కాగితం తీసింది. చూసింది రాయండి, విన్నది రాయకండి అన్నాడు సారు. పొయ్యిలు చూసింది, నాలుగు అని రాసింది. కారణం అన్న గడి దగ్గర పెన్సిలు ఆగింది. అందులో చూసింది రాయడానికి ఏముంది? ముగ్గురు కోడళ్లు ఒకటి చెప్పారు, అత్త ఇంకొకటి చెప్పింది, రెండూ విన్నవే. ‘భూమి చట్టం’ అని పెద్ద అక్షరాలతో రాసింది. తిప్పి చూపించింది. చదువురాని సీతారావమ్మ దాన్ని చదివినంత సేపు చూసి, తల ఊపింది. “అన్నం తిని వెళ్లు” అంది.

ఆ రోజు షరీఫాబీ గడప బయట పీట మీద, సీతారావమ్మ గడప లోపల నేల మీద కూర్చుని, ఆ చిన్న గిన్నెలో అన్నం ఇద్దరూ పంచుకున్నారు. ఇద్దరికీ చాలలేదు. ఆ సంగతి ఇద్దరూ ఎత్తలేదు.

సాయంత్రం మేడగదిలో రాయప్ప ఆ కాగితం చదువుతుంటే ఆయన ముఖం వెలిగింది. మూడు పొయ్యిల దగ్గరా ఒకటే సమాధానం, పెద్దావిడ దగ్గరా అదే. నెలల తరబడి వెతుకుతున్నది దొరికినట్టు గది ఈ చివర నుంచి ఆ చివరకు నడిచాడు. “చూశారా షరీఫాబీగారూ. భూమిని పంచుదామని తెచ్చిన చట్టం భూమి జోలికి రాలేదు, కుటుంబాన్ని పంచింది. ఇది మిగతా దేశాలవాళ్లు కూడా చూడాల్సిన సంగతి. రిపోర్టులో ముందే వస్తుంది” అన్నాడు.

ఆయన మంచివాడు. ఆయన లెక్క తప్పని ఆమె ఒక్కతికే తెలుసు. ఆ తప్పు దిద్దాలంటే ఒక ముసలమ్మ రెండు రోజులు వండి ఎవరి కోసం ఎదురుచూసిందో చెప్పాలి.

రాయప్ప పెన్ను తీసి కూర్చున్నాడు. “ఒక్కటే తెలియాలి. చట్టంలో లేని ఈ పొయ్యిల మాట ఆ ఇంటికి ఎలా చేరింది? దాని వల్లే కదా ఇంత జరిగింది. మొదట ఎవరు చెప్పారో ఎవరికైనా గుర్తుందా?”

ఎవరికీ గుర్తులేదనడం తేలిక. ఆయన నమ్మేవాడు కూడా. కానీ చెప్పినవాళ్లు దొరకకపోతే ఈయన ఇంకా తవ్వుతాడు, మళ్లీ పెనుగొలను వెళతాడు, ఆ వసారాల్లో ఎవరో ఒకరు నోరు జారుతారు.

“నేనే సార్” అంది షరీఫాబీ.

రాయప్ప పెన్ను ఆగిపోయింది. ఆమె వంక చూసి, ఇబ్బందిగా, “పేర్లు రాయం కదా, ఇది వదిలేద్దాం” అన్నాడు.

“వదలొద్దు. పేరొద్దుగానీ, గాజులమ్మే మనిషి చెప్పిన మాట నమ్మి వేరుపడ్డారని రాయండి. ఆ ఇంటోళ్ల తప్పేం లేదని కూడా రాయండి” అంది. ఆయన రాసేదాకా అక్కడే నిలబడింది.